వడ్డీ మినహాయింపు అద్దెలోంచే, జీతంలోంచి కాదు

కేంద్ర బడ్జెట్ దగ్గరపడిన ప్రతిసారీ ఇళ్లు అద్దెకిచ్చేవాళ్ల నుంచి, వాళ్లకు దన్నుగా నిలిచే బిల్డర్ల నుంచి ఒక కోరిక వినిపిస్తుంది. అప్పు చేసి కొన్న ఇంటిని అద్దెకిస్తే ఆ అప్పు మీద కట్టే వడ్డీకి పూర్తి పన్ను మినహాయింపు ఇవ్వాలని, 2017లో పెట్టిన 2 లక్షల పరిమితిని ఎత్తేయాలని, కొత్త పన్ను విధానంలో అసలే లేకుండా పోయిన, అద్దెకు మించిన వడ్డీని జీతంలోంచి తీసేసుకునే సర్దుబాటును మళ్లీ తేవాలని వాళ్లు అడుగుతున్నారు. ఈ కోరికలో సగం న్యాయమైనది. మిగతా సగం మాత్రం పన్ను కట్టే అందరి డబ్బులోంచి కొద్దిమందికి రాయితీ ఇమ్మనడం. రెండూ కలగలిసి ఒకే డిమాండుగా నడుస్తున్నందువల్ల ప్రభుత్వం దాన్ని మొత్తంగా పక్కన పెట్టేస్తోంది, యజమానులేమో తమకు మొత్తంగా అన్యాయం జరిగిందని నమ్ముతున్నారు. వీటిని విడదీసి చూడాలి. అద్దె సంపాదించడానికి కట్టిన వడ్డీని ఆ అద్దెలోంచి చివరి రూపాయి దాకా మినహాయించాల్సిందే. అద్దెకు మించిన వడ్డీని తెచ్చి జీతంలోంచి తీసేసుకునే హక్కు మాత్రం ఎవరికీ ఉండకూడదు.

లెక్క వేసి చూస్తే తప్ప ఈ తేడా కళ్లకు కట్టదు. ఒక ఉద్యోగి హైదరాబాద్ శివార్లలోనో విజయవాడలోనో 80 లక్షలకు ఫ్లాటు కొన్నాడనుకుందాం. 60 లక్షలు బ్యాంకు అప్పు, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ. ఈఎంఐ నెలకు 52 వేల చిల్లర. మొదటి ఏడాది కట్టిన దాంట్లో వడ్డీయే 5 లక్షలు దాటుతుంది. అద్దె నెలకు 22 వేల చొప్పున ఏడాదికి 2,64,000 వస్తుంది. మున్సిపల్ ఇంటిపన్ను 9 వేలు పోతే 2,55,000. అందులో 30 శాతం, అంటే 76,500 రూపాయలు, మరమ్మతుల వంటి ఖర్చుల కింద చట్టమే తీసేస్తుంది. ఒక్క బిల్లు కూడా చూపించనక్కర్లేదు. మిగిలిన 1,78,500 లోంచి వడ్డీ తీసేస్తే 3 లక్షల 25 వేలకు పైగా నష్టం తేలుతుంది. 2017కు ముందు ఈ నష్టమంతా జీతంలోంచి తగ్గించి చూపేవారు. 30 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్‌తో కలిపి లక్ష రూపాయలకు పైగా పన్ను మిగిలేది. ఆ ఏడాది ఫైనాన్స్ చట్టం వచ్చాక పాత విధానంలో ఉన్నవారు ఏటా 2 లక్షల వరకే సర్దుబాటు చేసుకోగలరు, అంటే 62,400 రూపాయలు ఆదా. మిగిలిన నష్టాన్ని తర్వాతి ఎనిమిది సంవత్సరాల్లో ఇంటి ఆదాయం మీదే సర్దుకోవాలి. కొత్త పన్ను విధానం ఎంచుకుంటే జీతం మీద సర్దుబాటే లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన కొత్త ఆదాయపన్ను చట్టంలోనూ సెక్షన్ల నంబర్లు మారాయే గానీ ఈ లెక్క మారలేదు.

ఈ ఉదాహరణలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. పాత విధానమైనా కొత్త విధానమైనా ఆ ఉద్యోగి తీసుకున్న అద్దె మీద ఒక్క రూపాయి పన్ను పడలేదు. అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని అద్దెలోంచి తీసెయ్యడానికి మన చట్టంలో పరిమితి లేదు. కాబట్టి '2 లక్షలకు మించి వడ్డీ ఒప్పుకోవడం లేదు' అని యజమానులు చెప్పే మాట అక్షరాలా నిజం కాదు. ఒప్పుకోనిది ఆ ఇంటితో సంబంధం లేని ఆదాయంలోంచి తీసెయ్యడాన్ని. 2017లో రెవెన్యూ కార్యదర్శిగా ఉన్న హస్ముఖ్ అధియా ఈ మార్పును సమర్థిస్తూ, రెండో ఇల్లు కొనగలిగిన స్తోమత ఉన్నవారికి ప్రభుత్వం రాయితీ ఇవ్వడంలో అర్థం లేదన్నారు. ఆ మాట చాలామందికి కటువుగా అనిపించింది. కానీ పక్కనే ఉన్న ఇంకో నిబంధన చూడండి. ఉద్యోగం చేస్తూ చిన్న కిరాణా దుకాణమో జిరాక్సు సెంటరో పెట్టి నష్టపోయిన మనిషి ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేడు. 2004లోనే చట్టం ఆ దారి మూసేసింది. షేర్లు అమ్మి పోగొట్టుకున్నదాన్నీ జీతంలో కలపనివ్వదు. ఈ మూడింటిలో జీతగాడికి ఆ వెసులుబాటు ఇచ్చింది ఇంటి నష్టానికే. 'వ్యాపారానికి వడ్డీ ఖర్చేనని ఒప్పుకుంటారు, మాకెందుకు ఒప్పుకోరు' అని అడిగే యజమానులు నిజానికి వ్యాపారి కంటే మెరుగైన స్థితిలో ఉన్నారు. పైగా బిల్లులు అక్కర్లేని 30 శాతం తగ్గింపు ఖాతాలు రాసి పన్ను కట్టే వ్యాపారికి లేదు.

అలాగని వడ్డీ రాయితీ మీద వేటు వేసిన ప్రతి ప్రభుత్వమూ సరైన పనే చేసిందని కాదు. ఇందులో బ్రిటన్ అనుభవం మనకు పాఠం. 2015 జులై బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఇళ్లు అద్దెకిచ్చే వ్యక్తులకు వడ్డీని ఖర్చుగా చూపే హక్కునే తీసేస్తున్నట్టు ప్రకటించారు. 2017 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లలో అంచెలంచెలుగా తగ్గించి, 2020 ఏప్రిల్ నుంచి పూర్తిగా తొలగించారు. దాని బదులు కట్టిన వడ్డీలో 20 శాతాన్ని పన్నులోంచి తగ్గిస్తారు. 40 శాతం స్లాబులో ఉన్న యజమానికి 20 వేల పౌండ్ల అద్దె వచ్చి, 16 వేలు వడ్డీకే పోయిందనుకోండి. ఇతర ఖర్చులు వదిలేస్తే చేతిలో మిగిలేది 4 వేలు. పన్ను మాత్రం మొత్తం 20 వేల మీద 8 వేలు వేసి, అందులోంచి 3,200 తగ్గిస్తారు. అంటే 4 వేల లాభానికి 4,800 పన్ను. సంపాదించిన దానికంటే ఎక్కువ కట్టమనే చట్టాన్ని ఏ పేరు పెట్టీ సమర్థించలేం. యజమానులు చందాలు వేసుకుని కోర్టుకెళ్లారు. 2016 అక్టోబరులో హైకోర్టు పూర్తి విచారణకే అనుమతి ఇవ్వలేదు. ఈ నిబంధన కంపెనీలకు వర్తించదు కనుక స్తోమత ఉన్నవారు కంపెనీలు పెట్టి వాటి పేరు మీద ఇళ్లు కొనడం మొదలుపెట్టారు. ఒకటి రెండు ఇళ్లు సొంత పేరున ఉన్న చిన్న యజమాని ఇరుక్కుపోయాడు. పెద్దవాళ్లను పట్టుకోవాలని వేసిన వల చిన్నవాళ్ల మీద పడింది.

న్యూజీలాండ్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ లేబర్ ప్రభుత్వం 2021 మార్చిలో ఇదే తరహా నిర్ణయం ప్రకటించి అక్టోబరు నుంచి అమలు మొదలుపెట్టింది. కొత్తగా కట్టిన ఇళ్లకు మినహాయింపు ఇచ్చి, మిగతావాటికి వడ్డీ తగ్గింపును దశలవారీగా కోసుకుంటూ వచ్చింది. 2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు 2024 ఏప్రిల్‌లో 80 శాతం, 2025 ఏప్రిల్‌లో నూరు శాతం వడ్డీ తగ్గింపును తిరిగి ఇచ్చారు. అయితే అద్దె నష్టాన్ని ఇతర ఆదాయంలో కలపకూడదని అదే దేశం 2019లో తెచ్చిన మరో నిబంధన జోలికి మాత్రం యజమానుల పక్షాన నిలిచిన ఈ ప్రభుత్వమూ పోలేదు. ఐర్లాండ్‌లో కూడా దాదాపు ఇదే జరిగింది. ఆర్థిక సంక్షోభంలో 2009లో వడ్డీ తగ్గింపును 75 శాతానికి కుదించి, 2017 నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ 2019 నాటికి నూరు శాతానికి తెచ్చారు. అద్దె నష్టాన్ని మాత్రం అద్దె ఆదాయంలోనే సర్దుకోవాలి. అద్దెలోంచి వడ్డీని తీయనివ్వని నిబంధన ఈ రెండు దేశాల్లోనూ నిలవలేదు. అద్దె నష్టాన్ని వేరుగా కట్టి ఉంచే నిబంధన నిలిచింది. ఒకదానిలో అన్యాయం ఉంది, రెండోదానిలో లేదు. ప్రభుత్వాలు మారినా ఆ తేడా చెరగలేదు.

యజమానుల వైపు నుంచి వచ్చే బలమైన అభ్యంతరం అద్దెల గురించి. మాకు రాయితీ తగ్గిస్తే ఆ భారం అద్దెకుండేవాళ్ల మీద వేస్తాం అంటారు. బ్రిటన్‌లో యజమానులు ఈ మార్పుకు 'అద్దెదారుల పన్ను' అని పేరు పెట్టి ఉద్యమమే నడిపారు. దీన్ని కొట్టిపారేయకూడదు, కానీ ఉన్నదున్నట్టు ఒప్పుకోనూ కూడదు. ఒకే అపార్టుమెంటులో పక్కపక్కన ఉన్న రెండు ఫ్లాట్లు తీసుకోండి. ఒకదానికి నెలకు 52 వేల ఈఎంఐ ఉంది, రెండోది అప్పు తీరిపోయినది. టు-లెట్ బోర్డు పెట్టినప్పుడు రెండింటికీ పలికే అద్దె ఒకటే. కిరాయికి వచ్చేవాళ్లు యజమాని అప్పు ఎంతుందని అడగరు; ఆ వీధిలో ఎంత నడుస్తోందో, తమ జీతానికి ఎంత తూగుతుందో చూసుకుంటారు. పన్ను భారం అద్దెలోకి చేరాలంటే అద్దెకు దొరికే ఇళ్లు తగ్గాలి. ఆస్ట్రేలియాలో హాక్ ప్రభుత్వం 1985 జులైలో అద్దె నష్టాలను ఇతర ఆదాయంలో కలపనివ్వకుండా ఆపి, యజమానుల ఒత్తిడికి తలొగ్గి 1987లో ఆ నిబంధన ఎత్తేసింది. ఆ రెండేళ్లలో అద్దెలు మండిపోయాయని ఇప్పటికీ చెబుతుంటారు. సిడ్నీ, పెర్త్ నగరాల్లో పెరిగిన మాట నిజమే, అక్కడ అప్పటికే ఖాళీ ఇళ్లు చాలా తక్కువ. మిగతా పెద్ద నగరాల్లో అలాంటి పెరుగుదల లేదు. పన్నే కారణమైతే దేశమంతా ఒకేలా పెరగాలి కదా.

ఒక్క విషయంలో మాత్రం యజమానుల హెచ్చరికను వినాలి. యజమాని ఇల్లు అమ్మేసినంత మాత్రాన ఆ ఇల్లు మాయం కాదు, ఇంకెవరో కొని కాపురం ఉంటారు. కాబట్టి నష్టం లేదని ఆర్థికవేత్తలు వాదిస్తారు. కాగితం మీద అది నిజం. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో నలుగురు కుర్రాళ్లు కలిసి అద్దెకుంటున్న మూడు గదుల ఫ్లాటును ఒక జంట కొనుక్కుంటే ఇల్లు అలాగే ఉంటుంది, నలుగురు మాత్రం వేరే చోటు వెతుక్కోవాలి. ఉద్యోగాల కోసం జనం వచ్చిపడే నగరాల్లో అద్దె ఇళ్ల సంఖ్య నిలకడగా ఉండటం అవసరం. 1961లో మన పట్టణ కుటుంబాల్లో 54 శాతం అద్దెకుండేవని, 2011 నాటికి అది 28 శాతానికి పడిపోయిందని 2017-18 ఆర్థిక సర్వే చెప్పింది. సొంతిళ్లు పెరగడం మంచిదే. అయితే అదే సర్వే ఇంకో అంకె కూడా ఇచ్చింది: 2011 జనగణన నాటికి పట్టణాల్లోని ఇళ్లలో దాదాపు 12 శాతం తాళాలు వేసి ఖాళీగా ఉన్నాయి. కోటికి పైగా ఇళ్లవి. అప్పటికి జీతం మీద వడ్డీ నష్టం సర్దుబాటుకు ఏ పరిమితీ లేదు. పరిమితి లేని రాయితీ అద్దె ఇళ్లను పెంచుతుందనే వాదనకు ఈ తాళాలే సమాధానం. ఆ రాయితీ డబ్బును ఇళ్లు కొనడం వైపు మళ్లించింది, ఆ ఇళ్లలోకి మనుషుల్ని తేలేదు.

తాళాల సంగతి వచ్చింది కాబట్టి, యజమానులు గట్టిగా అడగాల్సి ఉండీ అడగని అన్యాయం ఒకటి చెప్పాలి. ఒకప్పుడు రెండో ఇంటిని ఖాళీగా ఉంచినా అద్దె వచ్చినట్టే ఊహించి పన్ను లెక్కకట్టేవారు. 2019 మధ్యంతర బడ్జెట్ రెండో ఇంటిని కూడా సొంతంగా ఉంటున్న ఇంటి కింద చూపుకోనిచ్చింది. 2025 బడ్జెట్ దానికి ఉన్న షరతులను కూడా తీసేసింది. ఫలితంగా రెండో ఫ్లాటుకు తాళం వేసి ధర పెరిగేదాకా కూర్చున్నవారికి దాని మీద పన్ను లేదు. అదే ఫ్లాటును ఒక కుటుంబానికి అద్దెకిచ్చి, అప్పు తీరాక నాలుగు రూపాయలు మిగుల్చుకున్నవారికి పన్ను ఉంది. పిల్లల దగ్గరికో సొంత ఊరికో వెళ్లి రెండిళ్లు నిజంగా వాడుకునే కుటుంబాలు ఉన్నాయి, వాళ్లను ఇబ్బంది పెట్టమని కాదు. కానీ నగరంలో ఇంటి కోసం జనం తిరుగుతుంటే, అద్దెకిచ్చినవారికంటే తాళం వేసినవారే పన్నులో నెగ్గుకొచ్చే పద్ధతి తప్పు. ప్రభుత్వం దగ్గర రాయితీకి డబ్బుంటే అది నిజంగా అద్దెకిచ్చిన ఇంటికి దక్కాలి.

జీతం మీద సర్దుబాటు ఎవరికి లాభమో కూడా దాచకుండా చెప్పుకోవాలి. అదే 2 లక్షల నష్టం పాత విధానంలో 5 శాతం స్లాబులో ఉన్నవారికి ఏమీ మిగల్చదు, రిబేటు వల్ల వాళ్లకు అసలు పన్నే ఉండదు కనుక; 20 శాతం స్లాబులో 41,600 రూపాయలు, 30 శాతం స్లాబులో 62,400 మిగులుస్తుంది. ఆదాయం పెరిగేకొద్దీ ప్రభుత్వ సాయం పెరుగుతుంది. కింది పోర్షన్‌లో తాము ఉండి పై పోర్షన్ అద్దెకిచ్చే రిటైర్డ్ టీచరు దంపతులకు ఈ గొడవతో పనే లేదు. వాళ్ల అప్పు ఏనాడో తీరిపోయింది, తీసివేయించుకోవడానికి జీతమూ లేదు. చిన్న యజమానుల పేరు చెప్పి అడుగుతున్న ఈ రాయితీలో ఎక్కువ వాటా పెద్ద జీతం, పెద్ద అప్పు, ఒకటికి మించి ఇళ్లు ఉన్నవారిదే. కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు కనుక అంతవరకు ఆదాయం ఉన్న జీతగాళ్లకు సర్దుబాటు తిరిగి తెచ్చినా ఒరిగేది లేదు.

ఇక యజమానుల ఫిర్యాదుల్లో పూర్తిగా న్యాయమైనవాటికి వద్దాం. మొదటిది, 2017లో మార్పు తెచ్చిన తీరు. ఫిబ్రవరిలో బడ్జెట్‌లో ప్రకటించి ఏప్రిల్ నుంచి అమలు చేశారు. అప్పటికే 20 ఏళ్ల అప్పులు తీసుకున్నవారికీ అదే వర్తించింది. పన్ను ఆదాను ఈఎంఐ లెక్కలో కలుపుకుని సంతకం చేసిన కుటుంబానికి రెండు నెలల గడువు గడువే కాదు. అంత కఠినమైన చట్టం చేసిన బ్రిటన్ కూడా దాదాపు రెండేళ్లు ముందుగా చెప్పి, నాలుగేళ్లలో విడతలుగా తెచ్చింది. ఇంటి అప్పు మీద పన్ను నిబంధన మార్చేటప్పుడు పాత అప్పులకు వెసులుబాటు ఇవ్వడం ప్రభుత్వం పాటించాల్సిన కనీస మర్యాద, మళ్లీ మార్చాల్సి వస్తే ఇది మరిచిపోకూడదు.

రెండోది ఇంతకంటే పెద్దది, ఎందుకో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మిగిలిన నష్టాన్ని ముందుకు తీసుకెళ్లడానికి చట్టం ఇచ్చిన ఎనిమిదేళ్ల గడువు అది. పైన చెప్పుకున్న 80 లక్షల ఫ్లాటుకే మళ్లీ వెళదాం. అద్దె ఏటా 5 శాతం పెరుగుతూ, వడ్డీ అసలుతోపాటు తగ్గుతూ వస్తే, 30 శాతం తగ్గింపు పోను మిగిలిన అద్దె వడ్డీని దాటేది పదమూడో ఏట. అప్పటిదాకా ఆ ఇంటి మీద మిగులు ఆదాయం ఉండదు, కాబట్టి పాత నష్టాన్ని సర్దుకోవడానికి చోటూ ఉండదు. మొదటి నాలుగేళ్ల నష్టాల గడువు ఈలోగానే దాటిపోతుంది. వేరే ఇంటి మీద అద్దె ఆదాయం లేనివారికి, అంటే ఒక్క ఫ్లాటు అద్దెకిచ్చిన మామూలు ఉద్యోగికి, అవి ఏనాటికీ అక్కరకు రావు. నిజంగా జేబులోంచి బ్యాంకుకు కట్టిన వడ్డీ అది. బ్రిటన్, ఐర్లాండ్‌లలో అద్దె నష్టానికి ఇలా ఏళ్ల గడువు లేదు. అమెరికాలో 1986 పన్ను సంస్కరణ తర్వాత అద్దె నష్టాలను ఇతర ఆదాయంలో కలపడానికి కట్టుదిట్టమైన పరిమితులు పెట్టారు, కానీ వాడుకోలేకపోయిన నష్టమంతా అలాగే నిలిచి ఉండి ఇల్లు అమ్మిన ఏడాది అక్కరకొస్తుంది. మనదగ్గర ముందుకు తెచ్చుకున్న నష్టాన్ని అమ్మకపు లాభంలోంచి తగ్గించనివ్వరు. 2024 జులై 23న లేదా ఆ తర్వాత కొన్న ఇంటికి ద్రవ్యోల్బణం లెక్క కూడా లేకుండా లాభం మీద 12.5 శాతం పన్ను కట్టాలి.

ఆర్థిక శాఖ చేయాల్సిన మార్పు ఇక్కడ ఉంది. అద్దె నష్టం అద్దె ఆదాయంలోనే సర్దుబాటు కావాలన్న కొత్త విధానపు సూత్రాన్ని అలాగే ఉంచి, దానికున్న గడువును తీసేయాలి. అద్దె మిగిలే ఏడాది ఎప్పుడొస్తే అప్పుడు పాత వడ్డీ తీసుకోనివ్వాలి, ఈలోగా ఇల్లు అమ్మితే వాడుకోని నష్టాన్ని అమ్మకపు లాభంలోంచి తగ్గించనివ్వాలి. ఒకే వడ్డీకి రెండుసార్లు మినహాయింపు పొందకుండా 2023లో పెట్టిన నిబంధన ఉండనే ఉంది కాబట్టి దీన్ని దుర్వినియోగం చేసే భయం అక్కర్లేదు. ఇది వెంటనే ఖజానాను ఖాళీ చేసేదీ కాదు. ఏ ఇల్లు ఆదాయం ఇస్తుందో ఆ ఇంటి ఖర్చు ఆ ఇంటికే చెల్లుతుంది. ఇళ్ల యజమానుల సంఘాలు వచ్చే బడ్జెట్‌కు పంపే వినతిపత్రంలో 2 లక్షల పరిమితి ఎత్తేయమనే కోరికను వదిలేసి, ఎనిమిదేళ్ల గడువు ఎత్తేయమని మొదటి పేరాలోనే రాయాలి. మన ఎంపీలు దాన్ని పార్లమెంటులో అడగాలి.